ఎలక్ట్రాన్ అంటే చెట్టు జిగురే!



సైన్సు మాటల్ని మనం బట్టీ పడుతున్నాం. "ఎలక్ట్రాన్ అనగా ఋణావేశం గల కణం" అని గడగడా ఒప్పజెబుతాం. ఆ పేరు ఎందుకొచ్చిందని మనం అడగం. ఇది మంచిది కాదని నా అభిప్రాయం. ప్రతి పేరుకీ అర్థం, పుట్టుక కూడా తెలుసుకోవాలి.

'ఎలక్ట్రాన్' ప్రాచీన గ్రీకు మాట. దాని అర్థం అంబర్. చెట్టు నుంచి కారిన జిగురు లక్షల, కోట్ల ఏళ్ళు భూమిలో ఉండి రాయిలా గట్టిపడితే అదే అంబర్. మన కొండల్లో గుగ్గిలం చెట్టు నుంచి కారేది కూడా అలాంటి జిగురే. కాకపోతే అది ఇంకా రాయి కాలేదు, అంతే!

అంబర్‌ని రుద్దితే తేలికపాటి వస్తువుల్ని లాక్కుంటుందని గ్రీకులు గమనించారు. 1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ ఆ గుణానికి అంబర్ పేరు మీదే పేరు పెట్టాడు. ఎలక్ట్రిసిటీ అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. 1891లో ఐర్లండు శాస్త్రవేత్త జాన్‌స్టన్ స్టోనీ విద్యుదావేశపు అతిచిన్న ప్రమాణానికి ఎలక్ట్రాన్ అన్నాడు. 1897లో జె.జె. థామ్సన్ ఆ కణాన్ని కనిపెట్టాడు. ఆయన వేరే పేరు వాడాడు గానీ, నిలిచింది స్టోనీ పెట్టిన పేరే.

"ఇది పరీక్షలో రాదు కదా" అని కొందరంటారు. రాకపోనీండి. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది. ఎందుకు? రుద్దినప్పుడు జుట్టులోని ఎలక్ట్రాన్లు దువ్వెన మీదికి పోతాయి. అంబర్‌లో జరిగేదీ ఇదే. పేరు అర్థమైతే పాఠమే అర్థమైనట్టు!

ఇంకో సంగతి. మనలో చాలామందికి ఇంట్లో సవర, కువి. బడికొచ్చాక తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. "ఇంగ్లీషు రానివాళ్ళకి సైన్సు ఎక్కదు" అని భయపడి, పది పాసయ్యాక సైన్సు గ్రూపు వద్దంటున్నాం. కానీ ఈ మాట ఇంగ్లీషువాళ్ళదీ కాదు, గ్రీకుల దగ్గర తెచ్చుకున్నదే. ప్రోటాన్ కూడా అంతే. 'మొదటిది' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి చేశారు. అరువు మాటలతో వాళ్ళు సైన్సు నేర్చుకోగా లేనిది, మనం ఎందుకు నేర్చుకోలేం?

అందుకని సైన్సు మాస్టారికి నా మనవి. వారానికి ఒక్క మాట పుట్టుక చెప్పండి సార్. వార్డెన్ గారు ఒప్పుకుంటే ఈ గోడపత్రికలో ఒక మూల దానికే ఉంచుదాం. దాని పక్కనే మన ఇంటి భాషల్లో ఏమంటామో కూడా రాద్దాం. మొదట గుగ్గిలంతోనే మొదలుపెడదాం.

మీరేమంటారో వచ్చే సంచికకి రాసివ్వండి.

— 9వ తరగతి విద్యార్థి