సూర్యుడు అందరివాడే, కప్పు ఎవరిది?

ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు యాకుత్‌పురా దాటాక ఉప్పుగూడలో ఆగుతుంది. కిటికీలోంచి చూస్తే దారి పొడవునా ఇళ్ల కప్పులే. మూడంతస్తుల స్లాబుల పక్కనే రేకుల గదులు, రేకులు ఎగిరిపోకుండా వాటి మీద పెట్టిన రాళ్లు, నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు. ఏప్రిల్ ఎండ వీటన్నిటి మీదా ఒకేలా పడుతుంది. స్లాబు మీద పడే ఎండను కరెంటుగా మార్చుకోవచ్చని, అందుకు రూ.78,000 వరకు సబ్సిడీ ఇస్తామని సర్కారు చెబుతోంది. రేకు మీద పడే ఎండ మాత్రం దాని కింద ఉన్న మనుషులను ఉడికిస్తోంది. సోలార్ గురించి మనం మాట్లాడాల్సింది ఈ తేడా గురించే.

ఎండ కరెంటు ఎలా అవుతుంది?

సోలార్ ప్యానెల్ అంటే సిలికాన్ సెల్స్ వరుస. వెలుతురు తగిలితే సిలికాన్‌లోని ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఆ కదలికే కరెంటు. అది డీసీ రూపంలో వస్తుంది. మన ఫ్యాను, ఫ్రిజ్ నడిచేది ఏసీ మీద కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ దాన్ని మారుస్తుంది. ఇంట్లో వాడగా మిగిలింది నెట్ మీటరు ద్వారా డిస్కం లైన్లలోకి పోతుంది. రాత్రిపూట అదే లైను నుంచి తీసుకుంటాం. ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ లెక్క చూసి బిల్లు వేస్తారు. మన ప్రాంతంలో 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. దీనికి నీడ పడని కప్పు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి.

ఇందులో రెండు సంగతులు బస్తీ మనుషులు ముందే తెలుసుకోవాలి. ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు. పక్కింటి గోడ నీడ ఒక ప్యానెల్ మీద పడినా మొత్తం వరుస ఇచ్చే కరెంటు తగ్గిపోవచ్చు. రెండోది, బ్యాటరీ లేని మామూలు సోలార్ లైను కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేస్తారు. కాబట్టి కప్పు మీద ప్యానెల్ ఉన్నా, లైను కరెంటు పోతే ఇంట్లో చీకటే. కరెంటును దాచుకోవాలంటే బ్యాటరీ కొనాలి. సబ్సిడీని ప్యానెళ్ల కిలోవాట్లను బట్టి లెక్కిస్తారు. బ్యాటరీ ఖర్చు మన నెత్తినే.

పథకానికి తలుపు ఎక్కడుంది?

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకాన్ని తెచ్చింది. కోటి ఇళ్లకు సోలార్ లక్ష్యం, రూ.75,021 కోట్ల కేటాయింపు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడోదానికి రూ.18,000 సబ్సిడీ. దరఖాస్తు చేయాలంటే సొంత ఇల్లు ఉండాలి, ప్యానెళ్లను మోసే కప్పు ఉండాలి, కరెంటు కనెక్షన్ ఉండాలి. సబ్సిడీ కూడా ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, పరిశీలన పూర్తయ్యాకే ఖాతాలో పడుతుంది.

ఈ షరతులను ఒక బస్తీ ఇంటికి పెట్టి చూడండి. 40 గజాల ఇల్లంటే 360 చదరపు అడుగులు. మెట్లు, ట్యాంకు, బట్టలు ఆరేసే జాగా పోగా ఒకటి, ఒకటిన్నర కిలోవాట్లకు మించి పట్టదు. రేకులైతే ఆ బరువు మోయవు. అద్దెకున్నవాళ్లకు కప్పు మీద హక్కే లేదు. మీటరు ఎప్పుడో చనిపోయిన తాత పేరు మీద ఉంటే, పేరు మార్పించుకునే తిరుగుడు వేరే. పట్టా లేని ఇంటికి ఆ కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? నియమాల్లో కులం అనే మాట ఎక్కడా ఉండదు. కానీ తరతరాలుగా భూమికి, ఇంటి జాగాకు దూరంగా ఉంచిన కులాలు ఈ తలుపు దగ్గరే ఆగిపోతాయి.

దీన్ని గృహజ్యోతితో పోల్చి చూడాలి. 2024 మార్చి నుంచి తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తోంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. అంటే ఒక పథకం మనిషి అవసరాన్ని చూస్తే, మరొకటి మనిషి ఆస్తిని చూస్తోంది. అయితే గృహజ్యోతిలోనూ ఒక మెలిక ఉంది. 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. రేకుల కింద ఎండాకాలం రాత్రి పగలు కూలరు తిరగక తప్పదు. ఎండ ఎక్కువ తగిలే ఇంట్లోనే యూనిట్లు గీత దాటే ప్రమాదం ఎక్కువ.

ఊరంతా సోలార్ అన్నచోట కూడా ఈ తేడా పోలేదు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంత ఊరు, నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025లో 480 ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున పెట్టారు. మట్టి ఇళ్లు ఆ లెక్కలోకి రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామని ప్రకటించింది. ఇది మంచి అడుగు. రేకుల ఇంటికి, పూరింటికి ఏం చేస్తారన్నదే అక్కడ అడగాల్సిన ప్రశ్న.

భూమి దగ్గరా ఇదే లెక్క

నగరంలో కప్పు ఎలాగో, పల్లెలో భూమి అలాగే. అనంతపురం సరిహద్దును ఆనుకుని, తెలుగు వినిపించే కర్ణాటక ప్రాంతం పావగడలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. భూమి ఉన్న రైతులకు ఎకరాకు ఏడాదికి రూ.21,000 కౌలు నిర్ణయించారు. ఆ భూముల్లో కూలి చేసుకుని బతికిన భూమిలేని కుటుంబాలకు, అందులోని దళితులకు, కౌలు రాలేదు, కూలి పోయింది. పగటి కరెంటును రాత్రికి దాచే పెద్ద ఏర్పాట్లూ వస్తున్నాయి. కర్నూలు దగ్గర పిన్నాపురంలో పగలు నీటిని పై జలాశయంలోకి ఎత్తిపోసి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు అలాంటిదే. అక్కడ దాచిన కరెంటు మన బస్తీకి ఎంత ధరకు చేరుతుందన్నది ఇంజనీర్లు ఒక్కరే తేల్చే విషయం కాదు. అది రాజకీయ నిర్ణయం.

ఈ మాట కొత్తది కాదు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1943 అక్టోబర్ 25న విద్యుత్ విధానంపై మాట్లాడుతూ, కరెంటు చవకగా, సమృద్ధిగా ఎందుకు కావాలని ప్రశ్న వేసి తానే జవాబు చెప్పారు. పరిశ్రమలు రావడానికి, వాటి ద్వారా జనం పేదరికపు వలయం నుంచి బయటపడడానికి అన్నారు. విద్యుత్తు ప్రభుత్వం చేతిలో ఉండాలని వాదించారు. మెగావాట్లు ఎన్ని అని కాదు, అవి ఎవరి బతుకు మార్చాయి అన్నదే ఆయన పెట్టిన కొలత.

కప్పు లేనివాళ్లకు వాటా

దారి లేదని కాదు. వర్చువల్ నెట్ మీటరింగ్ అనే పద్ధతి ఉంది. ప్యానెళ్లు ఒకచోట పెడతారు, వచ్చిన యూనిట్లను పలువురి బిల్లుల్లో వాటాలుగా తగ్గిస్తారు. ఇంటి మీద ప్యానెల్ ఉండాల్సిన పని లేదు. ఢిల్లీ 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రెజిల్‌లో రియో డి జనీరో బస్తీ బాబిలోనియాలో 2021లో జనమే సహకార సంఘంగా ఏర్పడి, ఉమ్మడి కప్పు మీద పుట్టిన కరెంటును కుటుంబాల బిల్లుల్లో పంచుకున్నారు.

నెలకు 120 యూనిట్లు వాడే 100 కుటుంబాలకు 100 కిలోవాట్లు, అంటే దాదాపు 10,000 చదరపు అడుగుల కప్పు చాలు. పాతబస్తీలో ప్రభుత్వ బడులున్నాయి, కమ్యూనిటీ హాళ్లున్నాయి, ఫలక్‌నుమా బస్సు డిపో ఉంది. అవన్నీ ప్రజల కప్పులే. డబ్బు మాటకొస్తే, 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధి నుంచి బస్తీల ఉమ్మడి సోలార్‌కు, దానికి జోడించే బ్యాటరీకి ఖర్చు పెట్టమని అడగవచ్చు. ప్యానెళ్లు బిగించే శిక్షణ, ఆ ఉద్యోగాలు బస్తీ పిల్లలకే ఇవ్వాలని అడగవచ్చు.

విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలపై బహిరంగ విచారణలు పెడుతుంది. ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు రాసి ఇవ్వచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. విద్యార్థి సంఘాలు ఈ ఎండాకాలం ఒక పని చేయగలవు. ఒక్కో బస్తీలో ఎన్ని స్లాబులు, ఎన్ని రేకులు, ఎందరు అద్దెకున్నారు, మీటరు ఎవరి పేరు మీద ఉంది, ఏ నెలలో 200 దాటింది అని ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ కాగితాలతో విచారణకు వెళ్లండి. ఎండలో మన వాటా అడగడానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.