పదానికి శ్రోతలు కావాలి

పామిడిముక్కలకు సమీపంలోని మొవ్వ గ్రామం క్షేత్రయ్య పదాలకు పుట్టినిల్లు. 17వ శతాబ్దికి చెందిన ఆ వాగ్గేయకారుడు మువ్వగోపాలుని ముద్రతో పదాలు రచించి తంజావూరు ఆస్థానం వరకు కీర్తి గడించాడు. నేడు పెళ్లిపందిరిలోనైనా, తిరునాళ్లలోనైనా ఎక్కువగా వినిపించేది సినిమా పాటే. సినిమా పాటను నిందించి ప్రయోజనం లేదు. 1976లో ‘మహాకవి క్షేత్రయ్య’ చిత్రమూ వచ్చింది. అయితే కవి పేరు తెలియడం వేరు, ఆయన పదాన్ని వినడం వేరు.

పదం విలంబకాలంలో సాగుతుంది. ఒకే మాటను పలు విధాలుగా పాడుతూ నాయిక మనసును క్రమంగా ఆవిష్కరిస్తుంది. దానిని ఆస్వాదించడానికి ఓర్పు కావాలి. ఆ ఓర్పు గలవారే పదాన్ని కాపాడారు. తెలుగునాట కలావంతులు, చెన్నపట్టణంలో వీణ ధనమ్మాళ్ కుటుంబం ఈ సంపదను నిలుపుకొన్నారు. ధనమ్మాళ్ మనుమరాండ్రలో బృంద, ముక్త గానం ద్వారా, బాలసరస్వతి అభినయం ద్వారా తెలుగు పదానికి ఖ్యాతి తెచ్చారు.

పాశ్చాత్య దేశాలలోనూ ఇదే అనుభవం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబాత్ బృందం 1970లో తొలి సంపుటిని వెలువరించి మెటల్ సంగీతానికి బాట వేసింది. పాప్ పాటల వెల్లువలోనూ అభిమానులు ఆ సంగీతాన్ని విడువలేదు. 55 ఏళ్ల తరువాత, 2025 జూలై 5న, ఆ బృందం సొంత ఊరిలోనే వీడ్కోలు కచేరీ చేసింది.

మన పదానికి అటువంటి శ్రోతలు మన ఊళ్లలోనే తయారుకావాలి. కళాశాల వార్షికోత్సవంలో పది సినిమా పాటల నడుమ ఒక్క పదానికి చోటిద్దాం. అర్థం తెలుసుకొని విందాం. పురస్కారాలు కళాకారుని గౌరవిస్తాయి. కళను బ్రతికించేది మాత్రం వినేవారే.