హద్దులు మారినా పాట మారలేదు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం)

మీది ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే పడమటి మండలాలవారు ఈమధ్య ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పవలసి వస్తోంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. జిల్లా కేంద్రం తమ ఊరికే రావాలని మదనపల్లెలో ఊరేగింపులు, దీక్షలు జరిగాయి. ఆ తరువాత కూడా మార్పుల మాట ఆగలేదు. కలెక్టరు ఆఫీసు ఎంత దూరం, బస్సు చార్జీ ఎంత అన్నవి చిన్న విషయాలు కావు. అర్జీ పట్టుకుని తిరిగేవారికి ఆ బాధ తెలుసు. అయితే ఈ గొడవంతా దూరాభారం గురించి మాత్రమే కాదు. మేము ఎక్కడివాళ్ళం, మాది అనుకోదగినది ఏది అన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది. ఆ ప్రశ్నకు గెజిట్‌లో జవాబు దొరకదు. నూరేళ్ళ కిందట మదనపల్లెలో కొందరు కలిసి పాడిన ఒక పాటను గుర్తు చేసుకుంటే కొంత దొరకవచ్చు.

ఇది కొత్త గొడవ కాదు

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కడప జిల్లా నుంచి తెచ్చి కలిపారు. చిత్తూరు, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. పుంగనూరు జమీను కూడా ఇందులో చేరింది. 1953 అక్టోబరు 1 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రం. ఆనాటి నుంచి ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి మద్రాసు వైపు వెళ్ళిపోయింది. 1911కు ముందు మదనపల్లెలో పుట్టి అరవై ఏళ్ళు బతికిన ముసలమ్మ ఎవరైనా ఉంటే, ఇల్లు కదలకుండానే రెండు జిల్లాలు, మూడు రాష్ట్రాలు చూసి ఉంటుంది. ఆమె కెలికిన సంగటి మాత్రం అదే, తిరగలి దగ్గర పాడిన పాటా అదే.

కళాశాలలో ఒక సాయంత్రం

చిత్తూరు జిల్లా పుట్టిన ఆ 1911లోనే, డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెసు మహాసభలో రవీంద్రనాథ్ టాగోర్ రాసిన 'జనగణమన'ను తొలిసారి పాడారు. అది మదనపల్లె చేరడానికి ఏడేళ్ళు పట్టింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న టాగోర్ కొద్దిరోజుల విశ్రాంతికి ఇక్కడికి వచ్చారు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన కళాశాల, అంటే నేటి బి.టి. కాలేజీకి, ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాలు.

ఆ కళాశాలలో వారానికొక సాయంత్రం అధ్యాపకులు, విద్యార్థులు కూడి పాటలు పాడుకునే అలవాటుండేది. అది కచేరీ కాదు, పోటీ అంతకన్నా కాదు. వచ్చిన పాట వచ్చినవారు పాడటం, తక్కినవారు అందుకోవడం. టాగోర్ అక్కడికి వచ్చి, తానూ ఒకటి పాడవచ్చునా అని అడిగారట. మొదట అది భూగోళ పాఠంలా తోచిందని, దేశాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు వరుసగా వినబడ్డాయని కజిన్స్ తరువాత రాసుకున్నారు. చరణం చివర జయధ్వానం వచ్చేసరికి అందరూ చెవులు నిక్కించారు. రెండో చరణానికి గొంతులు సవరించుకున్నారు. మళ్ళీ మళ్ళీ పాడించుకుని, కాసేపటికి తామే ఎలుగెత్తి పాడారు. పాట బెంగాలులో పుట్టింది. పాడిన పిల్లల్లో బెంగాలీ వచ్చినవారు ఎందరుంటారు? అర్థం తరువాత తెలిసింది, గొంతు ముందు కలిసింది.

కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పొందినవారు. టాగోర్ పాడిన స్వరాన్ని ఆమె కాగితం మీద పెట్టారు. ఫిబ్రవరి 28న టాగోర్ ఆ పాటను స్వయంగా ఇంగ్లీషులోకి మార్చి, భారత ప్రభాత గీతం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. 1950 జనవరి 24న అది జాతీయ గీతమయింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. జనగణమన మదనపల్లెలోనే పుట్టిందని మనలో కొందరు గొప్పగా చెబుతుంటారు. అది నిజం కాదు. పుట్టినచోటు వేరు. ఒక్కరు పాడిన పాటను పదిమంది నోట పలికించిన ఊరు మదనపల్లె. ఇది తక్కువ గౌరవమేమీ కాదు. లేని గొప్ప కలిపి చెప్పవలసిన అవసరం లేదు.

ఎవరు పరాయి?

మార్గరెట్ కజిన్స్ సంగతే చూడండి. 1878లో ఐర్లండులో పుట్టి 1915లో ఈ దేశానికి వచ్చారు. స్త్రీల ఓటు కోసం పాటుపడ్డారు. 1932లో ప్రభుత్వాన్ని ధిక్కరించి మాట్లాడినందుకు వేలూరు జైలుకు వెళ్ళారు. 1954లో ఈ దేశంలోనే కన్నుమూశారు. పుట్టుకనుబట్టి ఆమె పరాయి. పాటనుబట్టి, పడ్డ పాట్లనుబట్టి ఆమె మన మనిషి.

పాటలోని పేర్లదీ ఇదే కథ. అందులోని సింధు ప్రాంతం 1947లో పాకిస్తాన్‌కు పోయింది. ఆ పేరు తీసేయాలని ఒకరు కోర్టుకెక్కితే, అక్కరలేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. మన దక్షిణాదివారందరికీ కలిపి ఆ పాటలో ఉన్నది 'ద్రావిడ' అన్న ఒక్క మాటే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే కుప్పానికి ఆ మాట చక్కగా సరిపోతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడంలోని ఆంతర్యమూ అదే.

తెలుగువారి పాటకూ చిత్తూరు సీమే పుట్టిల్లు. 'మా తెలుగు తల్లికి' గీతం రాసిన శంకరంబాడి సుందరాచారిది తిరుచానూరు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో అది ఊరూరా చేరింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణవారు 2024లో అందెశ్రీ గీతాన్ని తమ రాష్ట్ర గీతం చేసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. ఎవరి గొంతుకు ఏది పట్టుబడితే అది వారి పాట.

వంత పలికేవారేరీ?

మదనపల్లె కళాశాలలో ఆనాడు జరిగినది మన పల్లెలకు తెలియని పద్ధతి కాదు. భజనగుడిలో జరిగేదీ అంతే. ముందుపాటగాడు ఒక చరణం ఎత్తుకుంటాడు, తక్కినవారు అందుకుంటారు. తాళం వేయడం రానివాడు వెనక వరుసలో నిలుచుంటాడు. మాటలు రానివాడు పల్లవి దగ్గర మాత్రం గొంతు కలుపుతాడు. ధనుర్మాసం నెల్లాళ్ళు తెల్లవారుజామున వీధులు తిరిగితే పాటంతా నోటికి వస్తుంది. చెక్కభజనలో, కోలాటంలో అడుగు కూడా అలాగే పట్టుబడుతుంది. ఊళ్ళో ఎవరైనా పోతే రాత్రంతా భజన చేసి సాగనంపేదీ ఈ మనుషులే. మోయడానికి నలుగురు, పాడటానికి పదిమంది ఉన్నారన్న ధైర్యమే మనిషికి ఊరు.

ఆ పదిమందే ఇప్పుడు కరువవుతున్నారు. వానలు లేక, బోర్లు ఎండి, పడమటి మండలాలవారు బెంగళూరు దారి పట్టడం ఏనాటినుంచో ఉంది. అంతకు ముందు తరం కోలారు బంగారు గనులకు పోయింది. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి పనికి పోయి రాత్రికి ఇల్లు చేరేవారికి భజనగుడి తలుపు తెరిచి చూడటానికి ఓపిక ఎక్కడిది? పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు అందరూ వస్తారు, మొక్కు తీర్చుకుంటారు, వెళ్ళిపోతారు. గుడి మీద మైకు ఉంది. తెల్లారగానే అది పాడుతుంది. ఊరు వింటుంది. బడిలో జెండా పండుగనాడు కూడా చాలాచోట్ల పెట్టె పాడితే పిల్లలు నిలబడి వింటున్నారు. యాభైరెండు సెకన్ల పాటకు కూడా మన గొంతు అక్కరలేకపోతే ఆ పాట మనదెట్లా అవుతుంది?

బలవంతంగా పాడించాలని దీని అర్థం కాదు. మతవిశ్వాసం కారణంగా జాతీయ గీతం పాడని కేరళ పిల్లలను బడినుంచి తీసివేస్తే, గౌరవంగా లేచి నిలబడితే చాలని, పాడలేదని బడి మాన్పించరాదని 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గొంతు కలపడం ఇష్టంతో జరగాలి.

ఇంకొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఊరి భజనగుడి అన్నిచోట్లా ఊరందరిదీ కాదు. వాడలోని గుడి వేరు, వాడలోని భజన వేరు అయిన పల్లెలు ఇంకా ఉన్నాయి. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దుచేసి డెబ్బై అయిదేళ్ళు దాటింది. ఒకే ఊళ్ళో రెండు వంతలు పాడుకునే మనం జిల్లా ముక్కలయిందని బాధపడటంలో సబబు ఎంత?

చేయదగినవి

ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. బడిలో పెట్టె కట్టేసి పిల్లలచేత పాడించవచ్చు. శ్రుతి తప్పినా ఫరవాలేదు. భజనగుడి తాళంచెవిని నెలకొకసారైనా వాడలోని చెక్కభజన గురువు చేతికి ఇచ్చి, ఊరంతా ఆయన వెనక వంత పాడవచ్చు. జాతరకు వచ్చిన బెంగళూరు పిల్లలను ఒక్క రాత్రి ఆపి కోలాటం అడుగులు నేర్పవచ్చు. కుప్పంలో తమిళం పాట, కన్నడం పదం, తెలుగు తత్త్వం ఒకే పందిరి కింద వినిపించవచ్చు. ఫిబ్రవరి 28 కళాశాల గోడల మధ్యనే ఉండిపోకుండా, ఆనాటి సాయంత్రం మూడు ప్రాంతాల పల్లెల నుంచి భజన బృందాలు, బడిపిల్లలు మదనపల్లె చేరి కలిసి పాడవచ్చు. ఎవరు ఏ జిల్లావారో అడగవలసిన పని లేదు.

జిల్లా ఎక్కడ ఉండాలన్నది ప్రభుత్వం తేలుస్తుంది. రేపు మళ్ళీ మార్చినా మార్చవచ్చు. భజనగుడి తలుపు తీయడానికి మాత్రం ఏ జీవో అక్కరలేదు. ఈ శనివారం రాత్రే తీయవచ్చు.