లారీ నుదుటి బొట్టు

పిల్లలూ, హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటిన తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. అక్కడ రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, ఎన్ని లారీలో! కంకర లారీలు, సిమెంటు లారీలు, పెట్రోలు టాంకర్లు. అంగట్లో కిలో పప్పు కొనేటప్పుడే మీ అమ్మ తక్కెడ ముల్లు వంక రెప్ప వెయ్యకుండా చూస్తుంది గదా! మరి లారీడు సరుకు కొనేవాడు ఏం చేస్తాడు?

లారీనే తక్కెడ ఎక్కిస్తాడు. ఆ తక్కెడను వేబ్రిడ్జి అనీ, కాటా అనీ అంటారు. ఒక పొడుగాటి ఇనుప బల్ల అది. ముందు ఖాళీ లారీని తూస్తారు, తరువాత సరుకుతో తూస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే సరుకు బరువు తేలుతుంది. ఇది మీ చెల్లాయి కూడా చెయ్యగల తీసివేత. అయినా ఇందులో ఎంత డబ్బు జారిపోగలదో చూడండి.

రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రంలో 1983లో మొదలయిన మొదటి యంత్రం 200 మెగావాట్లది. అటువంటి యంత్రం పగలూ రాత్రీ నిండుగా తిరిగితే రోజుకు 48 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున 3,360 టన్నులు కావాలి. రామగుండానికి బొగ్గు సింగరేణి గనుల నుంచి రైల్లో వస్తుంది. అంతా లారీల్లోనే తెచ్చారనుకోండి, లారీకి 28 టన్నులయితే 120 లారీలు. ఒక్కొక్క లారీ తూకంలో ఒక్క బస్తాడు, అంటే 100 కిలోలు, తప్పు పడితే రోజుకు 12 టన్నులు, ఏడాదికి 4,380 టన్నులు మాయం!

తప్పులు ఎట్లా పడేవి? కాటా గదిలో గుమాస్తా కిటికీలోంచి లారీ నంబరు చూసి చీటీ రాసేవాడు. వానలో, దుమ్ములో, అర్ధరాత్రి నిద్రమత్తులో 4178 కాస్తా 4718 అయిందంటే ఒక లారీ ఖాళీ బరువు మరొక లారీ లెక్కలో పడిపోతుంది. ఇది పొరపాటు. కావాలని చేసేవాళ్ళూ ఉండేవారు, వాళ్ళ సంగతి తరువాత.

ఇప్పుడు మన దేశంలో చాలా బొగ్గు గనుల దగ్గర, ఫాక్టరీల దగ్గర లారీయే తన పేరు తాను చెప్పుకుంటున్నది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఇదే రోడ్డున ముందుకు పోతే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు వస్తుంది. అక్కడ కార్ల ముందు అద్దానికి, నుదుట బొట్టులాగా, ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది చూడండి. అదే ఫాస్టాగ్, 2021 ఫిబ్రవరి నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. అందులో బ్యాటరీ లేదు. ఆవగింజంత చిప్పు, దాని చుట్టూ పలచని లోహపు రేకు, అంతే. గేటు మీది యంత్రం రేడియో తరంగాలు పంపుతుంది. చీటీ ఆ తరంగాల శక్తితోనే మేలుకొని తన నంబరు చెప్పేసి మళ్ళీ నిద్రపోతుంది! బొగ్గు లారీకి అంటించే చీటీ కూడా ఈ జాతిదే. అది చెప్పేది నంబరు ఒక్కటే. ఎవరి లారీ, ఎక్కడికి పోవాలి అన్నదంతా కంప్యూటరు పద్దులో ఉంటుంది.

నంబరు సరిపోతే అడ్డుకర్ర లేస్తుంది, లారీ బల్ల ఎక్కుతుంది. బల్ల కింద ఉక్కు దిమ్మెలున్నాయి. లారీ బరువుకు ఆ ఉక్కు కూడా రవ్వంత నొక్కుకుపోతుంది, కంటికి కనపడనంత! దిమ్మెకు అంటించిన సన్నని లోహపు తీగ దానితోపాటే సాగుతుంది లేదా కుంచించుకుంటుంది. సాగిన తీగలో విద్యుత్తు నడక కష్టమవుతుంది, కుంచించుకుంటే సులువవుతుంది. ఆ తేడాను కొలిచి యంత్రం కిలోల్లో చెబుతుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూగే అనే ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఈ తీగ ఉపాయం కనిపెట్టారు.

ఇంత చేసినా దొంగ బుద్ధి ఊరుకుంటుందా? ఖాళీ బరువు తూచేటప్పుడు వెనక చక్రం ఒకటి బల్ల దిగేటట్టు నిలిపితే లారీ తేలికయిపోతుంది. ఆ తేడా అంతా బొగ్గు కింద జమ అవుతుంది. అందుకని బల్లకు రెండు చివరలా కంటికి కనపడని కిరణాలు పెట్టారు. చక్రం అడ్డం వస్తే తూకం పడదు. ఒక లారీ చీటీ ఊడదీసి మరొక లారీకి అంటిద్దామంటే, ఊడదీస్తే చిరిగిపోయేటట్టు దాన్ని చేస్తారు. పైగా కెమెరా నంబరుపలకను కూడా చదివి, రెండూ ఒకటేనా అని చూస్తుంది. దొంగతనం కాకపోయినా డీజిలు టాంకు చిక్కొకటున్నది. 300 లీటర్ల టాంకు నిండుగా ఉంటే ఇంచుమించు 250 కిలోలు! ఎప్పుడో తూచిన ఖాళీ బరువును నమ్ముకుంటే లాభం లేదు. ప్రతి సారీ తూచవలసిందే.

మనిషి పని పూర్తిగా పోయిందనుకోకండి. తూనికలు కొలతల శాఖ వాళ్ళు ఏడాదికొకసారి ముద్ర బరువులతో కాటాను పరీక్షించి ముద్ర వెయ్యాలి. తక్కెడ ఎంత తెలివిగలదయినా తన తప్పు తాను పట్టుకోలేదు మరి.

ఇంకొక తమాషా. బొగ్గు వానలో తడిస్తే? కాటా నీళ్ళనూ బొగ్గనే తూస్తుంది! అందుకని లారీలోంచి కొంత బొగ్గు తీసి, పొడి చేసి, నీళ్ళు మరిగే వేడికి కాస్త పైన ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. తగ్గినదంతా నీరే. ముప్పై టన్నుల లారీలో ఉన్న నీటి సంగతి చివరకు తేల్చేది కంసాలి త్రాసులాంటి గ్రాముల తక్కెడ.