మంకీ క్యాపు పెట్టుకోరా అబ్బాయ్

రెండు చలికాలాల కిందట, డిసెంబరు మొదటి వారంలో ఓ ఆదివారం పొద్దున్నే నా ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. పంపినవాడు నా ఇంజనీరింగ్ స్నేహితుడి కొడుకు. ఎమ్మెస్ చదవడానికి ఆ ఆగస్టులోనే మా మిన్నియాపోలిస్ వచ్చాడు. ఫొటోలో మావాడు గడ్డకట్టిన చెరువు మీద, ఒడ్డుకి బాగా దూరంగా, చేతులు రెండూ బార్లా చాపి సినిమా హీరోలా నిలబడి ఉన్నాడు. కాళ్ళకి మామూలు స్పోర్ట్స్ షూ. కింద ఓ మాట: "అంకుల్, నీళ్ళ మీద నడుస్తున్నా!"

కాఫీ పక్కన పెట్టేసి వెంటనే ఫోన్ చేశాను. చెప్పొద్దూ, వాళ్ళ నాన్న కూడా వాణ్ణి అలా తిట్టి ఉండడు.

"అదేంటంకుల్, ఇక్కడ ఒకాయన కుర్చీ వేసుక్కూర్చుని చేపలు పడుతున్నాడు" అన్నాడు.

"ఆయన బరమా తీసుకెళ్ళి, కన్నం పెట్టి, మందం ఎంతుందో కొలుచుకుని కూర్చున్నాడురా. నువ్వు ఏం కొలిచావు?"

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా, "మీరెప్పుడూ చెప్పలేదు కదంకుల్" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నిజమే, చెప్పలేదు. వాడు దిగిన వారంలో కూర్చోబెట్టి మూడు గంటలు క్లాసు పీకినవాణ్ణి. బ్యాంకు ఖాతా ఎక్కడ తెరవాలి, క్రెడిట్ హిస్టరీ ఎలా పెంచుకోవాలి, ఓపీటీ అంటే ఏమిటి, హెచ్1బీ లాటరీలో ఏమవుతుంది, గోంగూర ఏ కొట్లో దొరుకుతుంది... అన్నీ చెప్పాను. చలి గురించి చెప్పింది ఒక్కటే: "మంచి జాకెట్ కొనుక్కో నాన్నా, ఇక్కడ చలి ఎక్కువ." అంతే. పాతికేళ్ళు ఈ ఊళ్ళో కాపురం చేసి, నేను చెప్పగలిగింది అదీ!

మిన్నెసోటా కార్ల నంబర్ ప్లేట్ల మీద పదివేల సరస్సుల రాష్ట్రమని రాసుంటుంది. చలికాలం ముదిరాక వాటి మీద గుడిసెలు వేసుకుంటారు, కార్లు తోలుకుపోతారు. అది చూసి కొత్తవాడు అది కూడా రోడ్డే అనుకోవడంలో వింతేం లేదు. కానీ మనిషి నడవాలంటే తేటగా, గట్టిగా ఉన్న కొత్త ఐసు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని ఇక్కడి సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లగా, స్నో కలిసి గట్టిపడినదైతే దానికి రెట్టింపు కావాలి. అప్పుడైనా పూర్తిగా భద్రమని వాళ్ళు అనరు. ఒకే చెరువులో ఇక్కడ 6 అంగుళాలుంటే, పది అడుగుల అవతల రెండే ఉండొచ్చు. పైన స్నో పడిందంటే అది దుప్పటిలా వెచ్చగా కప్పేసి, కింద ఐసుని గట్టిపడనివ్వదు. ఇవన్నీ ఇక్కడ పుట్టిన పిల్లలకి ఏడేళ్ళకే తెలుసు. ముప్పయ్యేళ్ళు నిండిన మన సీనియర్ కన్సల్టెంట్‌కి తెలియవు.

2022 డిసెంబరు 26న, అంటే క్రిస్మస్ మర్నాడు, అరిజోనాలో వుడ్స్ కెన్యన్ సరస్సు మీద ముగ్గురు మనవాళ్ళు ఐసు విరిగి నీళ్ళలో పడి చనిపోయారు. చాండ్లర్‌లో ఉండేవాళ్ళు. చాండ్లర్ ఎడారిలో ఊరు. ఆ సరస్సేమో ఏడు వేల అడుగుల పైన కొండల్లో ఉంది. సెలవు రోజు పిల్లలతో మంచు చూసొద్దామని వెళ్ళారు. ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ గ్రూపులన్నీ "అయ్యో" అన్నాయి. కొందరు "అంత అజాగ్రత్త ఏమిటో" అని కూడా అన్నారు. అలా అన్నవాళ్ళలో ఒక్కరైనా, అంతకుముందు ఎవరికైనా 4 అంగుళాల సంగతి చెప్పారా అని నా అనుమానం. నేనైతే చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు, లేకపోతే ఆ ఫొటో నాకు వచ్చేది కాదు.

దీనికి భాష కూడా కొంత కారణమేమో. మనకి ఆకు మీద పడేదీ మంచే, తెల్లవారుజామున రోడ్డు కనబడనివ్వనిదీ మంచే, హిమాలయాల మీదుండేదీ మంచే, గ్లాసులో వేసుకునేదీ మంచుగడ్డే. విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ఆ ఒక్క మాట సరిపోయింది. ఇక్కడ సరిపోదు. 'బ్లాక్ ఐస్' ఉంది, జాగ్రత్త అని మా అత్తగారికి చెప్పాల్సి వచ్చినప్పుడు తడుముకున్నాను. నల్లమంచు అంటే ఆవిడ నల్లటిదాని కోసం వెతుకుతుంది. అది నల్లగా ఉండదు, అసలు కనబడదు, కింద తారురోడ్డు కనబడుతుంది, అదీ దాంతో చిక్కు. చివరికి "తడిగా మెరుస్తుంటే తడి అనుకోకండి అత్తయ్యా, బాతులా నడవండి" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి, ఊరెళ్ళేదాకా బాతులాగే నడిచింది. ఒక్కసారీ పడలేదు.

కానీ భాష మీద నెపం పెట్టి నేను తప్పించుకోలేను. మనం చెప్పకపోవడానికి అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. మంచు గురించి నాకు తెలిసిందంతా నేను వెర్రివెధవనై నేర్చుకున్నదే. వీసా గురించి చెబితే పెద్దమనిషిలా ఉంటుంది. మంచు గురించి చెప్పాలంటే మన వెర్రితనం బయటపెట్టుకోవాలి. అందుకని చెప్పం. సరే, ఇప్పుడు నాదే చెబుతాను.

నేను ఇక్కడికి వచ్చింది 2000 నవంబరులో. బయల్దేరేముందు అమ్మ బీసెంట్ రోడ్డులో ఓ మంకీ క్యాపు కొని పెట్టెలో పెట్టింది. ముదురు గోధుమరంగు ఉన్నిది, కళ్ళూ ముక్కూ తప్ప ఇంకేం కనబడదు. బెజవాడలో డిసెంబరు చలికే (18 డిగ్రీలు, మహా అయితే!) మా తాతయ్య పెట్టుకునేవాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, అమెరికా వెళ్తున్నవాణ్ణి, నేను దాన్ని పెట్టుకోవడమా! పెట్టె అడుగున ఇడ్లీ రేకుల కిందకి తోసేశాను.

మమ్మల్ని తెచ్చిన కంపెనీ నలుగురికి కలిపి ఒక గెస్ట్‌హౌస్ ఇచ్చింది. డిసెంబరు నాటికి నేను ఓ పాత కొరోలా కొన్నాను. ఒక పొద్దున లేచి చూస్తే కారు లేదు. ఉండాల్సిన చోట తెల్లటి దిబ్బ ఉంది. నా రూమ్మేట్ తన కారు అద్దం మీద మరిగే నీళ్ళు పోశాడు. తాలింపు పెట్టినట్టు చుయ్‌మని, తర్వాత టప్‌మని, అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. నేను తెలివైనవాణ్ణి కదా, అలా చెయ్యలేదు. క్యాసెట్ డబ్బాతో అద్దం గీకి, తలుపు తీసి, లోపల కూర్చుని, ఇంజను వేసి, హీటర్ పెట్టుకున్నాను. కారు వెచ్చబడ్డాక మిగతా మంచు అదే కరుగుతుందని నా ప్లాను.

వెచ్చగా హాయిగా ఉంది. కొంచెం తలనొప్పి. కాఫీ తాగలేదు కదా, అందుకే అనుకున్నాను. కునుకు పడుతోంది. రాత్రి నిద్ర చాలలేదనుకున్నాను.

అద్దం మీద దబదబా చప్పుడు. పక్క బిల్డింగులో ఉండే ఓ తెల్ల పెద్దాయన, పార చేత్తో పట్టుకుని. నా తలుపు ఆయనే లాగి తెరిచాడు. ఏదో గట్టిగా అంటున్నాడు. కారు తప్పు చోట పెట్టానేమో అనుకుని "సారీ, సారీ" అన్నాను. ఆయన నన్ను జబ్బ పట్టుకుని బయటికి దింపి, కారు వెనక్కి వెళ్ళి, పొగ గొట్టం చుట్టూ ఉన్న మంచు తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వడం అయ్యాక ఓసారి నా మొహం చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు, ఎందుకు చెప్పాలో తెలియలేదు గనక. నాలుగు రోజుల తర్వాత ఆఫీసులో పక్క సీటు ఆయన దగ్గర నవ్వుతూ ఈ కథ చెబితే, ఆయన నవ్వలేదు. గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ కారులోకే వస్తుందనీ, ఆ కార్బన్ మోనాక్సైడుకి వాసనా రంగూ ఉండవనీ, తలనొప్పి, తర్వాత నిద్ర, తర్వాత ఇంకేం ఉండదనీ ఆయన చెప్పాడు.

2016 జనవరిలో వచ్చిన పెద్ద తుఫానులో న్యూజెర్సీ పసాయిక్‌లో ఓ కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది. తండ్రి బయట మంచు తోస్తుంటే, తల్లీ ఇద్దరు పిల్లలూ చలికి కారులో కూర్చున్నారు. గొట్టం మూసుకుపోయి ఉంది. ముగ్గురూ దక్కలేదు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కనున్న మా ఆవిడ ఏమైందని అడిగితే "ఆఫీసు టెన్షన్" అన్నాను. ఆవిడకే చెప్పలేదంటే, అమ్మకి చెబుతానా? 5 డాలర్ల కాలింగ్ కార్డు మీద అమ్మ "చెవులకి ఏమన్నా కట్టుకుంటున్నావా?" అని అడిగితే "ఇక్కడంతా హీటింగేనమ్మా, చలి తెలియదు" అనేవాణ్ణి.

ఆ జనవరిలో బస్టాపు దగ్గర పావుగంట నిలబడ్డాక, ఇంటికొచ్చి ఇడ్లీ రేకులు తీసి, మంకీ క్యాపు బయటికి లాగాను. థర్మామీటరులో సున్నా ఫారెన్‌హీట్ ఉండి, గాలి గంటకి 15 మైళ్ళు వీస్తే ఒంటికి మైనస్ 19 లెక్క, అరగంటలో చెవి చివర గడ్డకడుతుంది అని ఇక్కడి వాతావరణ శాఖ పట్టిక. ఆ పట్టిక చూడకుండానే అమ్మకి సంగతి తెలిసింది.

"ఇవన్నీ గూగుల్లో ఉన్నాయి కదా" అంటారు ఈ కాలం పిల్లలు. ఉన్నాయి. కానీ పొగ గొట్టం అనేది ఒక ప్రశ్న అని తెలిసినవాడే కదా దాని గురించి వెతికేది. నాకు ఆ పొద్దున ఇంటర్నెట్ మొత్తం చేతికిచ్చినా "తలనొప్పికి మందు" అని వెతికి ఉండేవాణ్ణి.

"మాది డాలస్, మాకు మంచేమిటి" అనేవాళ్ళకి 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. టెక్సస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, పైపులు పగిలాయి. ఆ చలి వల్ల పోయినవాళ్ళు 246 మంది అని ఆ రాష్ట్ర ప్రభుత్వ లెక్క. అందులో కొందరు చలికి కాదు, గ్యారేజీలో కారు వేసుకుని, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని పోయారు. కుంపటి ఇంట్లోకి తెచ్చుకోవడం మనకి తప్పుగా తోచదు. మా అమ్మమ్మ గదిలో ఎప్పుడూ ఉండేది. కానీ ఆ గదికి కిటికీలకీ తలుపులకీ సందులుండేవి. ఇక్కడి ఇల్లు చలిగాలి చొరబడకుండా బిగించిన డబ్బా.

ఇంకొకటి, మంచు తోయడం. అది దూదిలా కనిపిస్తుంది గానీ దూది కాదు. 2010 డిసెంబరు 12న మా ఊళ్ళో మెట్రోడోమ్ స్టేడియం కప్పు ఆ బరువుకే చిరిగి కిందికి దిగిపోయింది. అది టీవీలో చూశాక కూడా, ఓ చలికాలం మనవడి పురుడుకని వచ్చిన మా మామగారు (అప్పటికి ఆయనకి 68, స్టెంటు వేయించుకుని ఏడాది) పార పట్టుకుని వాకిట్లోకి దిగితే నేను "భలే ఓపిక మామయ్యగారూ" అన్నాను! ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చి ఆయన చేతిలోంచి పార లాక్కుంది. ఆయన చాలా నొచ్చుకున్నారు. గుండెజబ్బులు మనవాళ్ళలో ఎక్కువ, చలిలో ఆ బరువెత్తడం గుండెకి అన్నిటికన్నా చెడ్డపని. అది నాకు ఎదురింటావిడ నేర్పింది.

మన సంఘాలు ఏటా ట్యాక్సుల మీద సెమినార్ పెడతాయి, గ్రీన్‌కార్డు మీద పెడతాయి, కాలేజీ అడ్మిషన్ల మీద పెడతాయి. చలికాలం మీద ఓ గంట పెట్టమని రెండేళ్ళుగా అడుగుతున్నాను. సంక్రాంతి సంబరాల్లో పెడదాం అన్నారు. సంక్రాంతికి పెడితే ఏం లాభమండీ? ఈ ఊళ్ళో 1991లో 28 అంగుళాల పైన స్నో పడింది అక్టోబరు 31న మొదలైన తుఫానులో. దసరాకి పెట్టాలి. పాటల పోటీలో ఓ రౌండు తగ్గించండి. వేదిక మీదికి డాక్టరుగార్ని, లాయరుగార్ని కాదు, పోయినేడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ణి ఎక్కించండి. మొదట నేను ఎక్కుతాను.

ఆ ఆదివారం సాయంత్రం మావాణ్ణి ఇంటికి పిలిచాను. పులిహోర తింటుండగా, పొగ గొట్టం కథ చెప్పాను. మా ఆవిడ కూడా అప్పుడే వినడం. ఇరవై ఏళ్ళు దాటాక! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

వాడు వెళ్ళేటప్పుడు బీసెంట్ రోడ్డు మంకీ క్యాపు తీసిచ్చాను. రంగు వెలిసింది గానీ ఉన్ని చెక్కుచెదరలేదు. నా ఎదురుగా పెట్టుకుని, హాల్లో అద్దంలో చూసుకుని, "వెచ్చగా ఉందంకుల్" అన్నాడు. ఫోన్ తీసి మీ అమ్మకి ఫొటో పంపనా అని అడిగితే మాత్రం, "వద్దంకుల్, ప్లీజ్" అన్నాడు.