బేరింగుపై సుత్తిదెబ్బ

కారు కొని పదియేండ్లు దాటిన గృహస్థునకు ఎప్పుడో ఒకనాడు, రహదారిపై నలుబది యేబది కిలోమీటర్ల వేగమున పోవుచుండగా, అద్దములన్నియు మూసియున్నను చెవికి సోకు ఒకానొక గంభీరమైన ఘోష వినవచ్చును. అది వేగముతో పెరుగును, వేగముతో తగ్గును, గేరును న్యూట్రలులో నుంచినను మానదు. టైర్లు అరిగినవేమో యని పలువురు తొలుత భ్రమపడుదురు; క్రొత్త టైర్లు వేయించిన పిమ్మటను ధ్వని యథాతథముగా నుండుట చూచి ఖిన్నులగుదురు. అది చక్రపు బేరింగుదియే యగుచో పోల్చుకొనుట కష్టము కాదు. నిర్జనమై విశాలమైన మార్గమున కారును మెల్లగా కుడివైపునకు త్రిప్పినపుడు బరువు ఎడమచక్రములపైకి ఒరగును గనుక, అపుడు ఘోష హెచ్చినచో ఎడమ బేరింగును, ఎడమకు త్రిప్పినపుడు హెచ్చినచో కుడి బేరింగును శంకింపవలయును. పిదప ఆ చక్రమును పైకెత్తి, మీది అంచును క్రింది అంచును రెండుచేతులతో పట్టి లోనికిని వెలికిని ఊపినచో ప్లే, అనగా వదులు, తెలియవచ్చును. బాల్ జాయింటు అరిగినను ఇట్టి ప్లేయే కలుగును గనుక, మరియొకరు బ్రేకు త్రొక్కియుంచగా మరల ఊపి చూడవలయును: ప్లే మాయమైనచో దోషము బేరింగుది, నిలిచియున్నచో వేరొకచోట వెదకవలయును.

ఇట్లు నిర్ధారణమైన బేరింగును ఇంటనే మార్చుకొనవచ్చునా యను ప్రశ్నకు నా సమాధానము నిస్సంశయముగా ఔననియే. తన కారును తానే విప్పుకొనువానిని తరువాతి కారు వాకిట నిలిచి తొందరపెట్టదు. ప్రతి బోల్టును తుడిచి శుభ్రపరచుకొనుటకును, సందేహము తోచినచో పని నాపి ఆలోచించుటకును అతనికి వ్యవధి కలదు. ఈ పనికి కావలసినది బలముకంటె ఓపికయే. అయినను ఇందు ఒక్క ఘట్టము మాత్రము గృహస్థుని పనిముట్లకు అందనిది. ఆ సంగతి నెరుగక ఇంట చేసికొనువారును, బేరింగును నొక్కి కూర్చు ప్రెస్సు లేని చిన్నషెడ్డులలో తక్కువ కూలికి ఎక్కువ పని చేయవలసివచ్చిన మెకానిక్కులును, సుత్తి చేతబట్టి క్రొత్త బేరింగును బిగించుచుండగనే చెరచుచున్నారు.

మన వీధులలో తిరుగు చిన్నకార్లలో పెక్కింటికి ముందుచక్రపు బేరింగు నకిల్ అను దిమ్మలోనికి గట్టిగా నొక్కి కూర్పబడియుండును. దాని నడుమ హబ్బు, హబ్బు నడుమ గేరుబాక్సునుండి వచ్చు ఆక్సిలు. ఆ బేరింగులో వెలుపలి కడియము, లోపలి కడియము, ఆ రెంటి నడుమ రెండు వరుసల ఉక్కుగుండ్లు, వానిని ఎండిపోనీయని గ్రీజు, ఆ గ్రీజును కాపాడు సీళ్లు ఉండును. నూటికి ఒకపాలు కార్బనును, ఒకటిన్నర పాలు క్రోమియమును కలిసిన ఉక్కును కాచి చల్లార్చి కఠినపరచి, మిల్లీమీటరులో వెయ్యవవంతు లెక్కన సానపట్టి ఈ గుండ్లను సిద్ధపరతురు. గుండ్లలో కొన్ని ఇసుమంత పెద్దవైనను భారమంతయు వానిపైననే పడును. కనుకనే 1883లో జర్మనీయందలి ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రీడ్రిష్ ఫిషర్ గుండ్లనన్నిటిని సమానమైన గుండ్రదనమునకు తెచ్చు యంత్రమును నిర్మించిన పిమ్మటనే ఈ పరిశ్రమకు గట్టి పునాది ఏర్పడెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు చిన్నకారు చక్రము నిమిషమునకు 500 పర్యాయములకు తక్కువ కాకుండ తిరుగును. కారు బరువులో తన వంతును మోయుచు ఏండ్ల తరబడి అట్లు తిరుగు శక్తి ఆ నునుపుదనమునందే యున్నది.

అట్టి వస్తువును నకిల్‌పై నుంచి సుత్తితో మోదినపుడు దెబ్బ ఒక కడియమునుండి రెండవదానికి గుండ్లగుండ పోవును. గుండు తాకిన చోటనెల్ల కడియముపై కంటికి కనరాని గుంట పడును. పని ముగిసిననాడు చక్రము నునుపుగనే తిరుగును, యజమానియు సంతసించును. కొలది నెలలకే పాత ఘోష మరల మొదలగును. నింద మాత్రము బేరింగు చేసినవారిపైననో, గతుకుల రోడ్డుపైననో పడును. కావున ఇందు విస్మరింపరాని నియమము ఒక్కటి: బేరింగును నకిల్‌లోనికి నొక్కునపుడు ఒత్తిడి వెలుపలి కడియముపైననే యుండవలయును, హబ్బును బేరింగులోనికి నొక్కునపుడు లోపలి కడియమునకు క్రిందినుండి ఆనిక యుండవలయును, ఏ సమయమునందును బలము గుండ్లగుండ ప్రసరింపరాదు. ఇది హైడ్రాలిక్ ప్రెస్సు చేయదగిన పని. విజయవాడ ఆటోనగరులోను, సికింద్రాబాదు రాణిగంజ్ ప్రాంతమునను మాత్రమేగాక ఒక మోస్తరు పట్టణములందును ప్రెస్సు గల లేతుషాపులు దొరకుచున్నవి. నకిల్‌ను ఇంట విప్పి, సంచిలో నిడుకొని అచ్చటికి పోయి, ఎదుట నిలిచి నొక్కించుకొని, తిరిగి ఇంటికి వచ్చి బిగించుకొనుట – నేను సమర్థించు మార్గము ఇదియే.

విప్పుటయందును కొన్ని జాగ్రత్తలు కలవు. ఆక్సిలు నట్టును చక్రము నేలపై నుండగనే వదులుచేయవలయును, ఏలయన దానికి వలయు బలము జాకీపై నిలిచిన కారును కదల్చివేయగలదు. కారును లేపిన పిమ్మట జాకీని నమ్మి దాని క్రిందికి చేయిగాని తలగాని పోనీయరాదు. స్టాండ్లు వేసి, తక్కిన చక్రములకు అడ్డుచెక్కలు పెట్టవలయును. బ్రేకు కాలిపరును గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టియుంచవలయును. పాత లోపలి కడియము తరచుగా హబ్బునంటి మిగిలిపోవును. దానిని పుల్లరుతో తీయవలయును, హబ్బుపై గీత పడరాదు. నకిల్ రంధ్రమును తుప్పు లేకుండ తుడిచి, సర్‌క్లిప్పును దాని గాడిలో సరిగా కూర్చోబెట్టవలయును. ఏబీఎస్ గల కార్లలో అనేకము బేరింగు సీలునందే అయస్కాంతపు వలయమును కలిగియుండును. అది సెన్సారు వైపునకు తిరిగియుండక తలక్రిందుగా బిగింపబడెనా, చక్రపు వేగము తెలియక హెచ్చరిక దీపము వెలుగును, చేసిన పనియంతయు మరల చేయవలసివచ్చును. కావున ప్రెస్సుకడ నిలుచుండి ఆ ముఖమును చూపుట యజమాని బాధ్యత. తుదకు ఆక్సిలునకు క్రొత్త నట్టు వేసి, ఒకరు బ్రేకు త్రొక్కియుంచగా, టార్కు రెంచితో నిర్ణీతమైన బిగువునకు తెచ్చిన పిమ్మటనే కారు బరువును చక్రముపైకి దింపవలయును.

బేరింగు చెడుటకు వయస్సొకటే కారణము కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు నీట మునిగినపుడు కార్లు ఎన్నియో దినముల తరబడి బురదనీట నిలిచియుండెను. ఇట్టి విపత్తు దాటిన పిమ్మట అందరు ఇంజనును, సీట్లను, విద్యుత్తు తీగలను చూపించుకొందురుగాని చక్రములను తలంచువారు అరుదు. బేరింగు సీళ్లు వానజల్లును ఆపుటకు ఉద్దేశింపబడినవేగాని నిలువనీటిని ఎంతకాలమో ఆపలేవు. ఒండ్రుతోకూడిన నీరు లోనికి చొచ్చి గ్రీజును చెరచి ఉక్కును తుప్పుపట్టించును. ఘోష వెంటనే పుట్టక మాసములు గడచిన పిమ్మట పుట్టుటచే దానికిని వరదకును గల సంబంధము ఎవరికిని తోచదు. వరద నీటిలో నిలిచిన ప్రతి కారు చక్రమును పైకెత్తి త్రిప్పి చూచుట ఆ యేడాదిలోనే చేయదగిన పని.

ఇంతకును నేను ముఖ్యముగా పోరదలచినది నిర్ణీతమైన బిగువు అను మాటను గూర్చియే. ఆ అంకె కారుకారునకు మారును. చిన్నకార్లలో అనేకమునకు 200 న్యూటన్ మీటర్ల అటునిటు, అనగా మీటరు పొడవుగల కాడ చివర ఇరువది కిలోల బరువు వ్రేలాడిన యంత బిగువు. తక్కువైనచో బేరింగు కడియములు వదులగును. ఎక్కువైనచో ఆక్సిలు మరలు చెడును. అయినను ఆ అంకె ఉండునది సర్వీసు మాన్యువలులో. ఆ మాన్యువలు ఉండునది కంపెనీ వర్క్‌షాపులో. విడిభాగములను, పనిముట్లను, మరమ్మతు సమాచారమును స్వతంత్ర మెకానిక్కులకు అందనీయలేదని 2014 ఆగస్టులో భారత కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. దానిపై అప్పీళ్లు నడచినను, కమిషన్ ఎత్తిచూపిన అన్యాయము వాస్తవమైనది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 2012లోనే కార్ల మరమ్మతు సమాచారమును యజమానులకును స్వతంత్ర షాపులకును ఇయ్యవలెనని చట్టము చేసెను. మన కేంద్రప్రభుత్వము 2022 జులైలో మరమ్మతు హక్కుపై సంఘమును నియమించి వాహనములను గూడ దాని పరిధిలో చేర్చెను. అదే యేడు డిసెంబరులో ఆ హక్కుకై పోర్టలును తెరచెను. కంపెనీలు స్వేచ్ఛగా ఇచ్చినంత ఇచ్చుట చాలదు, చట్టమే కావలయును.

ఆ చట్టము వచ్చుదాక ఆగనవసరములేని చిన్నపని ఒకటి కలదు. కారుతోపాటు యజమానికిచ్చు చేతిపుస్తకమునందు టైర్లలో నింపదగిన గాలి యెంతయో, చక్రపు నట్టును ఎంత బిగింపవలయునో కంపెనీలు ఇప్పటికే ముద్రించుచున్నవి. ఆ పుటలోనే ఆక్సిలు నట్టు బిగువును, బేరింగు నంబరును, అయస్కాంతపు వలయము ఏ వైపునకు తిరిగియుండవలయునో చూపు చిన్నబొమ్మను ముద్రించినచో కంపెనీలకు అదనముగా అయ్యెడు వ్యయము కొలది పంక్తుల సిరా మాత్రమే.