పూత రాలుతోందని సీసాల వెంట పడకండి



మిరప తోటలు తొలి పూత మీదికొచ్చాయి. షాపుల్లో కౌంటరు మీద రంగురంగుల సీసాలు కూడా పూతకొచ్చాయి. పావు లీటరు ఏడెనిమిది వందలు, అర లీటరు పద్నాలుగు పదిహేను వందలు. పేర్లన్నీ పువ్వు, కాయ, బంగారం చుట్టూనే తిరుగుతాయి. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని పక్కన 'ఆర్గానిక్' అనో 'బయో' అనో పెద్దక్షరాలు. లోపల ఏముందో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో కూడా రాయరు. సాలు కింద నాలుగు పువ్వులు కనపడగానే మనం బండి స్టార్టు చేస్తాం. ఉద్దెర ఖాతాలో ఇంకో గీత పడుద్ది.

నేను సేంద్రియానికి వ్యతిరేకిని కాదు. ఆ మాట మీద గౌరవం ఉండబట్టే ఇంత పొడుగు రాస్తున్నా. సేంద్రియ ఎరువు పూతకి బలం ఇస్తుంది. కానీ ఆ బలం సీసాలో రాదు, పూత వచ్చాక పెడితే ఆ పూతకి అందదు. ఒప్పుకోని వాళ్ళు తిట్టండి, కాకపోతే ముందు లెక్క చూసి తిట్టండి.

సీసా మీద అమైనో ఆమ్లాలు 20 శాతం అని ఉందనుకుందాం. ఆ రాత నిజమే అనుకుందాం. 250 మి.లీ. సీసాలో 50 గ్రాములు. అందులో నత్రజని ఆరో వంతు, అంటే 8 గ్రాములు. ఎకరానికి 8 గ్రాములు! యూరియా లెక్కలో చెబితే పదిహేడు పద్దెనిమిది గ్రాములు. ఇంట్లో చెంచాతో కొలిస్తే మూడు నాలుగు చెంచాలు. ఎనిమిది వందలు పెట్టి కొన్నది అదీ. ఈ మాట అంటే షాపాయన, 'ఇది ఎరువు కాదండీ, స్టిమ్యులెంటు, మొక్కని లేపుద్ది' అంటాడు. పస్తు పడుకున్నోణ్ణి తట్టి లేపితే లేస్తాడు, నిజమే. అరక పట్టగలడా?

ఈ స్టిమ్యులెంట్లకి 2021 దాకా అడిగే చట్టమే లేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం వీటిని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. పరీక్షలు చేసి రుజువులు పెట్టేదాకా తాత్కాలిక అనుమతితో అమ్ముకోమని గడువిచ్చి, ఆ గడువుని పొడిగించుకుంటూ 2025 జూన్ దాకా లాగింది. ఆ జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పిన లెక్క వినండి: ఏళ్ళ తరబడి సుమారు 30 వేల రకాలు అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడయ్యాయి, గట్టిగా అడిగేసరికి అవి 650 దగ్గరికి వచ్చాయి. మిగతావన్నీ ఎవరు తాగారు? మన తోటలు తాగాయి. డబ్బు మనం కట్టాం.

'పని చెయ్యకపోతే చెయ్యకపోయె, ఆర్గానికే కదా, నష్టమేముంది' అనే వాళ్ళున్నారు. బయో అని అమ్మిన సీసాల్లో రసాయన పురుగుమందు కలిపి పట్టుబడిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొట్టిన తెల్లారికే పురుగు రాలి తోట నిగనిగలాడితే మనం ఆర్గానిక్ మహిమ అనుకుంటాం. ఆ మందు కాయలో మిగిలితే ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిద్ది, దాని దెబ్బ ధర మీద పడుద్ది. అదృష్టం బాగుండి సీసాలో ఏమీ లేకపోయినా, సీసా ఖర్చు, పిచికారీ కూలి పోయినట్టే. మిరప పెట్టుబడి ఎకరానికి లక్షన్నర, రెండు లక్షలు దాటుతున్న రోజుల్లో ఇలాంటి పిచికారీలు నాలుగైతే ఎంతో మీరే వేసుకోండి.

అసలు పూత ఎందుకు రాలుతోందో చూడకుండా మందేంటి? మిరప పూసిన పువ్వులన్నీ కాయలు కావు. మొక్క మొయ్యగలిగినన్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తుంది, అది దాని తెలివి. అంతకు మించి రాలితే కారణం వెతకాలి. ఎండ ముదిరితే రాలుద్ది. బెట్టకొచ్చిన చేనుకి ఒక్కసారిగా నీళ్ళు పెడితే రాలుద్ది. వాన నీళ్ళు రెండు రోజులు సాళ్ళలో నిలబడితే వేరుకి గాలి ఆడక రాలుద్ది. దీనికి కాలవ తీసే పార కావాలి, సీసా కాదు.

ఇక తామర పురుగు. 2021లో నల్ల తామర పురుగు మన మిరప మీద పడ్డప్పుడు గుంటూరు నుంచి ఖమ్మం దాకా తోటలు ఏమయ్యాయో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ పురుగు ఉండేది పువ్వులోనే. పది మొక్కల పువ్వులు కోసి తెల్ల కాగితం మీద దులపండి. నల్లటి నలుసులు పాకితే, మీ సమస్య ఎరువు కాదు. ఆ తోటకి పూత టానిక్కు కొడితే లేత చిగురు ఎక్కువై, పురుగుకి విందు పెట్టినట్టు అవుద్ది. నీలి రంగు జిగురు అట్టలు, వేప నూనె, యూరియా తగ్గించడం, వీటితో మొదలుపెట్టాలి.

కారణాల్లో నాలుగోది మనం చేతులారా చేసేది. నత్రజని ఎక్కువైతే చెట్టు నల్లగా, ఏపుగా, చూడముచ్చటగా ఉంటుంది. పూత నిలవదు. నత్రజని యూరియా బస్తాలోంచి వచ్చినా, వేరుశనగ చెక్కలోంచి వచ్చినా మొక్కకి ఒకటే. ఇక్కడే మన సేంద్రియ మిత్రులతో నాకు పేచీ. పూత వచ్చాక చెక్క నానబెట్టి పోస్తారు, చేప బెల్లం కషాయం కొడతారు. వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం, వేపపిండిలో 5 శాతం. పొటాష్ రెంటిలోనూ ఒకటిన్నర శాతం కూడా లేదు. ఆకు పెంచే ఎరువులవి. చేప కషాయమూ అదే జాతి. చెట్టు పసుపు తిరిగి నీరసంగా ఉంటే పనికొస్తాయి, ఏపుగా ఉన్న తోటకి ఎందుకు?

జీవామృతం సంగతి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల పప్పుల పిండి, 2 కిలోల బెల్లం, 200 లీటర్ల నీళ్ళు. వీటన్నిటిలో ఉన్న నత్రజని కలిపితే ఎకరానికి పావు కిలో కూడా తేలదు. జీవామృతం పాలల్లో వేసే తోడు లాంటిది. పాలుంటే ఒక్క చెంచాకే కుండెడు పెరుగు. పాలే లేని కుండలో ఎన్ని చెంచాలు వేసినా ఏం తోడుకుంటుంది? భూమిలో పశువుల ఎరువు, పచ్చిరొట్ట, ఆకు అలం ఉన్న వాడికి జీవామృతం పని చేస్తుంది. బోడి నేలలో డ్రమ్ములు డ్రమ్ములు పోసి, సేంద్రియం దండగ అని తిట్టుకునే వాళ్ళని చూస్తే బాధేస్తుంది.

మరి పాలేవి? బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం, పొటాష్ అర శాతం. వినడానికి తక్కువే. ఎకరానికి 10 టన్నులు తోలితే 50 కిలోల నత్రజని, 50 కిలోల పొటాష్ భూమిలోకి దిగినట్టు. నత్రజనిలో మొదటి ఏడాది మూడో వంతే అందుతుంది, మిగతాది తర్వాతి పంటలకి. గొర్రెల ఎరువు ఇంకా చిక్కన, అందుకే మన పెద్దోళ్ళు వేసవిలో మంద కట్టించడానికి పోటీలు పడేవాళ్ళు. తొలకరికి జీలుగ గానీ జనుము గానీ చల్లి పూతకి ముందే కలియదున్నడం ఖర్చు తక్కువ దారి. చెక్క వెయ్యాలంటే నాటిన నెల లోపు, మట్టి ఎగదోసేటప్పుడు వెయ్యండి. అది కుళ్ళి అందేసరికి వారాలు పడుతుంది. మిరప విడతలు విడతలుగా పూస్తుంది కాబట్టి ఆ బలం రెండో పూతకీ మూడో పూతకీ కూడా దక్కుతుంది. మామిడి అలా కాదు, పూత ముందు నీళ్ళూ నత్రజనీ ఇస్తే చిగురేసి కూర్చుంటుంది.

పూత మీద ఉన్న తోటకి ఇప్పుడు ఏం చెయ్యాలంటారా? చాలా తక్కువ. తడి ఆరకుండా, నిలవకుండా పదునుగా ఉంచండి. ఇంట్లో చేసిన పంచగవ్య ఉంటే 10 లీటర్ల నీళ్ళకి 300 మి.లీ. కలిపి, వడకట్టి, సాయంత్రం కొట్టండి. పొద్దున పువ్వు విచ్చుకుని తేనెటీగ తిరిగే వేళ ఏ మందూ వద్దు, పంచగవ్య కూడా వద్దు. ఎర్ర నేలల వాళ్ళు కట్టెల బూడిద మొదళ్ళ దగ్గర పల్చగా చల్లి నీళ్ళు పెట్టొచ్చు. కట్టెను బట్టి మారుతుంది గానీ, 10 కిలోల్లో అర కిలో దాకా పొటాష్ ఉంటుంది. నల్లరేగడి వాళ్ళకి ఇది వద్దు. మన రేగడిలో పొటాష్ మామూలుగానే ఎక్కువ, చౌడు గుణం ఉన్న నేలకి బూడిద ఇంకా చెరుపు. రైస్ మిల్లు ఊక బూడిదని పొటాష్ అని ట్రాక్టరు లెక్కన అమ్ముతున్నారు, అది దాదాపు అంతా సిలికా. బూడిదని పేడ నీళ్ళలో మాత్రం కలపకండి, ఘాటు వాసనలో నత్రజని గాలికి పోతుంది. మట్టి పరీక్షలో బోరాన్ తక్కువని వస్తే లీటరుకి గ్రాము బోరాక్స్ చాలు.

'మా బావ ఆ సీసా కొట్టాడు, వారానికి పూత నిలిచింది' అని చెప్పే వాళ్ళకి ఒకటే అడుగుతా. కొట్టకుండా వదిలిన సాళ్ళు ఉన్నాయా? ఆ వారంలోనే ఎండ తగ్గింది, కొట్టని తోటల్లోనూ నిలిచింది. ఈసారి కొనాలనే అనిపిస్తే కొనండి, కానీ మధ్యలో నాలుగు సాళ్ళు వదిలెయ్యండి, కర్ర గుర్తు పెట్టండి. పదిహేను రోజులకి అటు పది మొక్కలు, ఇటు పది మొక్కలు పిందెలు లెక్కపెట్టండి. బిల్లు అడగండి. బిల్లు మీద లాట్ నంబరు రాయనంటే సీసా అక్కడే పెట్టి వచ్చెయ్యండి.

చివరిగా, భూమి ఉన్న ఆసాములతో ఒక మాట. ఊళ్ళో సగం మిరప కౌలు చేలల్లోనే ఉంది. పశువుల ఎరువు మూడేళ్ళు పని చేస్తుంది, కౌలు మాట ఒక్క ఏడాదికి ఇస్తారు. వచ్చే ఏడు ఎవడు దున్నుతాడో తెలియని చేలో పది ట్రక్కుల ఎరువు ఎవడు తోలతాడు? అందుకే వాడు సీసా కొంటాడు. మీ నేల ఏటేటా బోడి అవుతుంది, రేపు మీరే దున్నుకోవాలన్నా అందులో ఏమీ మిగలదు. వచ్చే ఉగాదికి కౌలు మాట్లాడేటప్పుడు మూడేళ్ళకి కాగితం రాసివ్వండి, మొదటి ఏడు మంద కట్టించే ఖర్చులో సగం మీరు పెట్టుకోండి.